సిలార్ చదివిన గాజు వాన

నెమలివరం పంచాయతీలో మైకు చదివేది సిలార్. ముప్పై ఏళ్లుగా అతనే చదువుతున్నాడు. ఈ ముప్పై ఏళ్లలో సొంతంగా ఒక్క మాట కలపలేదు, కాగితం మీద ఉన్న ఒక్క మాట వదల్లేదు. ఏదైనా రెండుసార్లు చదువుతాడు. ఒకసారి రేషన్ కార్డుల ప్రకటన అడుగున "వెనక పేజీ చూడుడు" అని ఉంటే అదీ రెండుసార్లు చదివాడు. ఊరంతా వెనక్కి తిరిగి చూసిందని మిరప రైతు బుల్లయ్య అంటాడు గానీ, బుల్లయ్య మాటల్లో సగం కొట్టేసి వినాలి.

నా పేరు సుబ్బరావమ్మ. ఈ ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. పన్నెండేళ్లుగా వినుకొండ నుంచి బస్సులో వచ్చిపోతున్నాను. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. నిజమే. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి అడుగుతాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో తప్పు చేసింది నేను, నన్ను మాత్రం ఎవరూ నిలబెట్టి అడగలేదు.

సిలార్ వాళ్ల నాన్న దూది ఏకేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాడట. ఆ నారి మోత వినగానే ఆడవాళ్లు పాత పరుపులు బయట వేసేవారు కాబట్టి ఆయనకి కేక పెట్టాల్సిన అవసరం రాలేదు. స్పాంజి పరుపులొచ్చి విల్లు మూలన పడ్డాక, ఐదో తరగతి దాకా చదివిన సిలార్‌ని పంచాయతీలో నీళ్ల ట్యాంకు వాల్వు తిప్పడానికి పెట్టుకున్నారు. తర్వాత పంచాయతీవాళ్లు మైకు కొన్నారు. ట్యాంకు మీద నాలుగు దిక్కులకీ నాలుగు హారన్లు కట్టారు. ఎవరు చదువుతారంటే, వాల్వు తిప్పేవాడు అక్కడే ఉన్నాడు కదా అన్నారు.

అతని గొంతులో ఎత్తూ పల్లమూ ఉండవు. పోలియో చుక్కలైనా, తప్పిపోయిన గేదె అయినా, చావు కబురైనా ఒకటే తీరు. సొంత అన్న పోయిన పొద్దున కూడా "ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు" అని రెండుసార్లు చదివి, స్విచ్చి కట్టేసి, అప్పుడు కూలబడి ఏడ్చాడట. ఈ ముక్క అతని భార్య జైనాబీ చెప్పింది.

ఇంకో ముక్క కూడా ఆవిడే చెప్పింది. ఓసారి వాళ్ల మేక తప్పిపోయింది. ఊళ్లో అందరి మేకలకీ మైకులో చదివే మనిషి మూడు రోజులు కాలినడకన వెతికాడు. "నీ చేతిలో మైకుంది కదయ్యా" అని ఈవిడ మొత్తుకుంటే, "మైకు ఊరిది" అన్నాడట. మేక దొరకలేదు.

వాతావరణం చదవడం నాలుగేళ్ల కిందట మొదలైంది. ఆ ఏడు మార్చిలో చెప్పాపెట్టకుండా వాన పడి కళ్లాల్లో మిరపకాయలు నానిపోయాయి. అప్పటినుంచి నేను ఫోన్లో వాతావరణ శాఖవాళ్లు ఇచ్చింది చూసి, బడి గేటు పక్క నల్లబోర్డు మీద "నేటి వాతావరణం" అని రోజూ రాస్తున్నాను. ఏడున్నరకి సిలార్ సైకిలు మీద వచ్చి నోటుపుస్తకంలో ఎక్కించుకుంటాడు. ఎనిమిదింటికి మైకులో చదువుతాడు. సర్పంచి నాగజ్యోతి ఒక ఆదేశం రాసి యాంప్లిఫయరుకి అంటించింది: గాలి నలభై దాటినా, వాన అని ఉన్నా, రైతులు కాయలు కప్పుకోవాలని చివర చదవవలెను.

కప్పితే పోయిందేముంది అనుకోకండి. పచ్చివాసన పోని కాయని ఎండవేళ టార్పాలిన్ పట్ట కింద మూస్తే ఉక్కకి చెమట పట్టి నల్లబడుతుంది, రంగు చస్తుంది. వాన వస్తుందో రాదో కచ్చితంగా తెలియాలి. మిరప రైతుకి సిలార్ గొంతు అందుకే కావాలి.

ఇక గ్రహం సంగతి. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది సైన్సు దినోత్సవం. సౌరకుటుంబం అట్ట బొమ్మలు చూసి చూసి నాకు విసుగొచ్చి, ఈసారి మన సూర్యుడు కాని వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గురించి చెయ్యమన్నాను. తొమ్మిదో తరగతి అఖిల ఒకటి పట్టుకొచ్చింది. దాని పేరు హెచ్‌డీ 189733 బి. మనకి దాదాపు అరవై నాలుగున్నర కాంతి సంవత్సరాల దూరం. గురుగ్రహం కన్నా కాస్త పెద్దది, కాలు పెట్టడానికి నేలంటూ లేదు, అంతా వాయువే. తన నక్షత్రానికి మరీ దగ్గరగా తిరగడం వల్ల కాగిపోతూ ఉంటుంది. రెండు రోజుల ఐదు గంటల్లో ఒక చుట్టు పూర్తి, దానికి అదే సంవత్సరం. నక్షత్రం వైపు ఎప్పుడూ ఒకటే మొహం. రంగు ముదురు నీలం. నీళ్లుండి కాదు, ఇసుకలో ఉండే పదార్థమే అక్కడ మబ్బుల్లో గాజు రేణువులై, అక్కడి పెనుగాలికి పక్కవాటు వానలా కొడుతుందని శాస్త్రవేత్తల అంచనా. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే వాయువు కూడా ఉందని ఈ మధ్యే తేల్చారు.

అక్కడ మనుషులుంటే పొద్దున్నే బోర్డు మీద ఏం రాసుకుంటారో ఊహించి రాయమన్నాను. బాగుందనుకున్నాను. నా ఐడియానే కదా మరి.

ఆ పొద్దున నా బస్సు దారిలో చెడిపోయింది. అఖిలకి ఫోను చేసి, బోర్డు నువ్వు రాసెయ్యమన్నాను. ఏ బోర్డో, ఏం రాయాలో చెప్పలేదు. మన ఊరి వాతావరణం మాట నాకసలు గుర్తే లేదు. ఆ పిల్ల గేటు దగ్గర "నేటి వాతావరణం" అనే శీర్షిక అలాగే ఉంచి, కిందివన్నీ తుడిచి, గ్రహానివి రాసింది. గ్రహం పేరు మాత్రం నీలం సుద్దతో రాయాలని, ఆ సుద్ద కోసం లోపలికి వెళ్లింది. ఆ నాలుగు నిమిషాల్లో సిలార్ వచ్చాడు.

ఎనిమిదింటికి నాలుగు దిక్కులా వినపడింది.

"గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నేటి వాతావరణం. ఉష్ణోగ్రత తొమ్మిది వందల ముప్పై డిగ్రీలు. గాలి గంటకు ఎనిమిది వేల ఏడు వందల కిలోమీటర్లు. మధ్యాహ్నం నుంచి పక్కవాటుగా గాజు వాన. కుళ్లిన కోడిగుడ్ల వాసన. గొడుగు పనికిరాదు. ఈ సంవత్సరం ఎల్లుండితో ముగుస్తుంది. కాబట్టి రైతు సోదరులు కళ్లాల్లో మిరపకాయలు కప్పుకోవలసిందిగా కోరడమైనది."

గాలి నలభై దాటింది కాబట్టి చివరి వాక్యం చదివాడు. తర్వాత మొత్తం రెండోసారి చదివాడు.

ఊరు ఏం చేసి ఉంటుందో మీరే చెప్పండి. నవ్వలేదు. కప్పింది. గాజు వానంటే వడగళ్లేనని సర్దుకున్నారు. అంకెలంటారా, పైవాళ్లు ఎప్పుడూ ఎక్కువేసే చెబుతారన్నారు. అన్నిటికన్నా ముందు, చదివింది సిలార్. బుల్లయ్య అయితే ముందురోజు కోసిన కాయని కూడా నాలుగు పట్టలతో మూసి, అంచులకి రాళ్లు పేర్చి, పెళ్లికని ఒంగోలు వెళ్లిపోయాడు.

నేను తొమ్మిదింబావుకి బస్సు దిగి, అఖిల ఏడుపు మొహం చూసి, సంగతి తెలుసుకుని కళ్లాల దాకా పరిగెత్తాను. కనబడినవాళ్లందరికీ చెప్పి విప్పించాను. బుల్లయ్య కళ్లం ఏదో నాకు తెలియదు, చెప్పడానికి ఆయన ఊళ్లో లేడు. ఆ రోజు ఎండ ముప్పై ఎనిమిది. సాయంత్రం ఆయన వచ్చి పట్ట ఎత్తితే ఆవిరి వచ్చిందట. కాయంతా నల్లబడి ముద్దయింది.

మర్నాడు పంచాయతీలో కూర్చోబెట్టారు. బుల్లయ్య అరుపుకి మైకు అవసరం లేదు.

"ఏరా సిలారూ, తొమ్మిది వందల డిగ్రీలంటే మనం బతుకుతామట్రా? చదివేటప్పుడు బుర్ర ఎక్కడ పెట్టావు?"

"బోర్డు మీద ఉంది మామా, చదివాను" అన్నాడు సిలార్.

"బోర్డు మీద ఎవరు రాశారు?" అని నాగజ్యోతి అడిగింది.

సిలార్ నావైపు చూడలేదు. అఖిల వాళ్ల నాన్న జక్రయ్య తలుపు దగ్గర తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఊళ్లోవాళ్ల పొలమే కౌలుకి చేసుకునే మనిషి. సిలార్ అన్నాడు, "ఎవరు రాస్తే ఏముందండీ, చదివింది నేను."

అప్పుడు నేను లేవాలి. లేవలేదు. మా హెడ్మాస్టరు పక్కనే ఉన్నాడు, మెమో వస్తుందని భయం. పిల్ల మీదికి వస్తుందని నాకు నేను సాకు చెప్పుకున్నాను గానీ భయం నాకోసమే. "పిల్లలు సరదాకి రాసుకున్నదండీ" అని గొణిగి కూర్చున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తీర్పు చిన్నదే. మైకు గదికి తాళం వేశారు. ఇకనుంచి వాతావరణం వాట్సాప్ గ్రూపులో పెడతామన్నారు. సిలార్ వాల్వు తిప్పుకోవచ్చు.

రెండో రోజు వాళ్లింటికి వెళ్లాను. జైనాబీ వాకిట్లో కాయల తొడిమలు తీస్తోంది. సిలార్ కుర్చీ తెచ్చి వేశాడు. తప్పు నాదని చెప్పి, ఆ గ్రహం గురించి మొత్తం చెప్పాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు.

"అయితే ఆ వాన నిజంగానే పడుతుందాండీ?"

"పడుతుందనే అనుకుంటున్నారు."

"గాలి కూడా అంతేనా?"

"అంతే."

అతని మొహం మీంచి మూడు రోజుల బరువు దిగింది. "చాలండి. నేను అబద్ధం చదవలేదు. చోటు తప్పింది, అంతే." కట్టుకున్న చేతులు వదిలి అన్నాడు, "మైకు ఇవ్వకపోయినా పర్లేదండి. వాల్వు దగ్గరికి వెళ్తుంటే నవ్వుతున్నారు. ఇక నేనేం చెప్పినా వినరు. అదొక్కటే బాధండి."

జైనాబీకి మాత్రం వేరే సందేహం వచ్చింది. "ఎప్పుడూ ఒక పక్కే ఎండలో ఉంటుందన్నారు కదమ్మా, మరి తిరగేసేవాళ్లు లేరా?"

లేరన్నాను.

"అయితే తాలు పడుతుంది" అంది తొడిమ తుంచుతూ. తిరగెయ్యకుండా వదిలేసిన కాయ తెల్లబారి తాలవుతుంది. ఆ గ్రహం గురించి నేను విన్నవాటిలో నాకు బాగా అర్థమైన మాట ఇదే.

మూడు వారాలు గడిచాయి. నేను బోర్డు మీద రాస్తున్నాను, చదివేవాడు లేడు. గ్రూపులో పెడితే దాని కింద యాభై శుభోదయాలూ పువ్వులూ వచ్చి పడుతున్నాయి. దారిలో ఎవరు ఎదురైనా "ఏం సిలారూ, ఇవాళ గాజా, పింగాణీనా?" అంటున్నారు. పిల్లలు కూడా నేర్చారు. వాళ్లని గోడకుర్చీ వేయించాను. పెద్దవాళ్లని వేయించే అధికారం నాకు లేదు.

ఒంటిపూట బడులు మొదలైన వారం. పన్నెండున్నరకి బడి వదిలి బస్సు కోసం నిలబడితే ఫోన్లో వాతావరణ శాఖ హెచ్చరిక మోగింది. మూడు గంటల్లోగా ఉరుములు, వడగళ్లు, గాలి యాభై నుంచి అరవై. తలెత్తి చూస్తే వినుకొండ వైపు ఆకాశం కాటుకలా ఉంది. గ్రూపులో పెట్టాను. కళ్లాల్లో పనిచేసేవాళ్ల ఫోన్లు చొక్కా జేబుల్లో, చొక్కాలు తుమ్మచెట్ల మీద. ఎవరూ చూడలేదు.

ట్యాంకు దగ్గరికి పరిగెత్తాను. సిలార్ నా ఫోను చూసి, "తాళం నాగజ్యోతిగారి దగ్గరుందండి" అన్నాడు. ఆవిడకి ఫోను చేశాను. నాగజ్యోతి తనే వచ్చి తలుపు తీసింది. నేను కాగితం మీద రాసిచ్చాను. అది రంజాన్ నెల. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా ముట్టని గొంతుతో అతను రెండుసార్లు చదివాడు.

కళ్లాలు పంచాయతీ వెనకే. కిటికీలోంచి అన్నీ కనబడతాయి. ఎర్రగా పరిచిన కాయల మధ్య మనుషులు నడుములెత్తి ట్యాంకు వైపు చూశారు. తర్వాత నవ్వారు.

"ఈసారి ఏ గ్రహంరా?" అని బుల్లయ్య కేక పెట్టాడు.

సిలార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్విచ్చి కట్టేస్తాడనుకున్నాను. మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"నేను సిలార్‌ని మాట్లాడుతున్నాను. ఇది ఎవరూ రాసిచ్చింది కాదు. అప్పుడు చదివిన వాన అబద్ధం కాదు, అది పడే చోటు చాలా దూరం. ఇది మన నెమలివరం వాన. తలెత్తి పడమర చూడండి. బుల్లయ్య మామా, నువ్వు నవ్వుతున్నావు, నాకు వినపడుతోంది. నీ పెద్ద పట్టకి ఈశాన్యం మూల చిల్లుంది. పాతది మీ గడ్డివాము మీద ఉంది, తెచ్చి దాని మీద వెయ్యి. ఒకసారి నా మాట విని కాయ పోగొట్టుకున్నావు. ఇవాళ వినకుండా పోగొట్టుకోకు. జక్రయ్యా, నీ కళ్లం పల్లంలో ఉంది, ముందు కాయని కుప్ప చేసి, తర్వాత కప్పు. మాబు సాహెబ్ చిచ్చా, నీకు నడుం పట్టేసింది కదా, వంగొద్దు. ఒరే బాలూ, ఆ ఫోను పక్కన పెట్టి చిచ్చా పట్ట నువ్వు లాగరా."

అలా పదకొండు నిమిషాలు. ఎవరి పట్టకి ఎక్కడ చిల్లు, ఎవరింట్లో మగమనిషి ఊళ్లో లేడు, ఎవరి కాయ నిన్న కోసింది, ఎవరిది మొన్నటిది, అన్నీ చెప్పాడు. ముప్పై ఏళ్లు వాల్వు తిప్పుతూ ఆ కిటికీలోంచి ఇవన్నీ చూశాడన్నమాట. మూడో పేరు దగ్గరే నవ్వు ఆగిపోయింది. బుల్లయ్య పంచె ఎగ్గట్టి గడ్డివాము వైపు పరిగెత్తడం నేను చూశాను. ఆయన పరిగెత్తగా చూడడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి.

పేర్లు చెబుతుండగానే లేచిన గాలి అంతలో ముదిరింది. వెనకే వాన, ఉసిరికాయలంత వడగళ్లు. ముప్పావుగంట ఊరిని దంచి వెళ్లింది. మేం తలుపేసుకుని మైకు గదిలో నిలబడ్డాం. తెరిపిచ్చాక చూస్తే కళ్లాలన్నీ పట్టల కింద నీలంగా, క్షేమంగా ఉన్నాయి. నాగజ్యోతి తాళంచెవి సిలార్ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నేను గొప్పగా అన్నాను, "చూశావా, ఒక్క కళ్లం తడవలేదు."

"ఒకటి తడిసిందండి" అన్నాడు సిలార్.

వాగు వైపు చివరన వాళ్లది. అర ఎకరం కౌలు, ఎనిమిది టిక్కీ బస్తాల కాయ, ఆ ఏడంతా వాళ్లకి ఉన్నది అదే. వెళ్లేసరికి జైనాబీ నీళ్లలో తేలుతున్న కాయని చేటతో ఎత్తుతోంది. పట్ట తుమ్మచెట్టుకి చుట్టుకుని ఉంది. చీర అంతా బురద.

"మొదటిసారి చదవగానే పట్ట తీశానమ్మా" అంది నాతో. అతని వైపు చూడలేదు. "ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస గాలి పట్టుకుంది. అందరి పేర్లూ చెబుతున్నాడు, వాళ్లకి సాయంగా మనుషులు పోతున్నారు. ఆఖర్న మన పేరు చెబుతాడులే, ఎవరో ఒకరు వస్తారని చూశాను. చెప్పలేదు."

సిలార్ వంగి కాయలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూనే అన్నాడు, "మైకు ఊరిది కదా."

"ఊళ్లో నేను లేనా?" అంది జైనాబీ.

పదకొండు నిమిషాలు ఆ గదిలో ఊరికే నిలబడ్డదాన్ని నేను. రెండో కొస పట్టుకోవడానికి నాకు రెండు చేతులున్నాయి. అక్కడే బురదలో చతికిలబడి ఏడ్చాను. జైనాబీ నా చేతికి ఇంకో చేట ఇచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి ముందే మైకు గదికి వెళ్లాను. సిలార్ వాతావరణం చదివి స్విచ్చి కట్టబోతుంటే, ఒక ప్రకటన ఉంది, నేనే చదువుతానన్నాను.

"కాగితం మీద రాసుకొచ్చారాండీ?"

ఇచ్చాను. పైన ఊరి పేరు ఉందో లేదో మొదట చూశాడు. ఉంది. మిగతాది పెదవులతో చదువుకుంటూ అడుగుకి వచ్చి ఆగిపోయాడు.

"ఈ చివరి మాట తీసెయ్యండి. నా గురించి మైకులో వద్దండి."

"రాసింది రాసినట్టు చదవాలి కదా, సిలార్" అన్నాను.

అతను కాగితం నా చేతిలో పెట్టాడు. తర్వాత మైకు నావైపు తిప్పాడు.

"నెమలివరం గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గత నెల ఇరవై ఎనిమిదో తేదీన బడి బోర్డు మీద మన ఊరి వాతావరణం రాయవలసినది సైన్సు టీచరు సుబ్బరావమ్మ. ఆమె రాయలేదు. సుద్దముక్క పిల్ల చేతికి వదిలేసింది. సిలార్ చదివినదానిలో అక్షరం తప్పు లేదు. ఈ మాట పంచాయతీలో చెప్పవలసిన రోజున ఆమె భయపడి నోరు మూసుకుంది. నిన్నటి వానకు ఊరిలో తడిసినది ఒక్క జైనాబీ కళ్లం. కాయ ఏరి, పొడినేల మీద పరిచి, పూటపూటా తిరగెయ్యడానికి చేతులు కావలెను. కాబట్టి వీలున్నవారు వాగు పక్క కళ్లానికి రావలసిందిగా కోరడమైనది."

చదవడం ముగించాను. కాగితం మడవబోతుంటే సిలార్ నా మొహం ముందు రెండు వేళ్లు పెట్టాడు.

"రెండోసారండీ" అన్నాడు.

కిటికీలోంచి చూశాను. బుల్లయ్య భుజాన పొడిపట్ట వేసుకుని వాగు వైపు నడుస్తున్నాడు. వెనకాల జక్రయ్య, అఖిల చేటలతో వెళ్తున్నారు. కాగితం విప్పి మళ్లీ ఊరి పేరు దగ్గర మొదలుపెట్టాను.